ముడి లేని బిగింపు

(ఇంట తయారగు మరచేతిలోని దారములను గూర్చి సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సాహిత్యము, సంగీతము, నాటకము ముఖ్యముగా గల ఇట్టి వేదికపై దారమును గూర్చియు, దానిని ముడివేయక బిగించుటను గూర్చియు ప్రసంగమేమి యని కొందరికి తోచవచ్చును. కాని నేడు ఉద్యోగుల నివాసములలో ఎందరో పిల్లలు అట్టముక్కలు, వెదురుబద్దలు, ప్లాస్టిక్ గొట్టములు, చిన్న మోటారులు కూర్చి మరమనుషులను తయారుచేయుచున్నారు. మోటారు తిరిగిన నాడు ఇల్లంతయు పండుగ. వారము దినములు గడచునప్పటికి ఆ పిల్లవాడే తండ్రియొద్దకు వచ్చి, "నాన్నగారూ, దారం మళ్ళీ వదులైపోయింది, వేలు సగమే ముడుచుకుంటోంది" అనును. తండ్రి ముడి విప్పబోవును, అది విడివడదు. కత్తిరించి మరల కట్టబోవును; దారము పొట్టియగును. ఈ చిన్న చిక్కునకు విరుగుడేమో తెలిసికొనుటయే నేటి ప్రసంగమునకు లక్ష్యము.

రోబో అను మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ వ్రాసిన నాటకము మూలమున లోకమునకు పరిచయమైనది. ఆ భాషలో 'రోబోత' యనగా వెట్టిచాకిరి. పేరు క్రొత్తదైనను, దారము లాగి బొమ్మను ఆడించు విద్య మనకు క్రొత్త కాదు. కొయ్యబొమ్మలాటలో బొమ్మ చేయి లేచుట, తల వంగుట, నడుము త్రిప్పుట అన్నియు ఆడించువాని వ్రేళ్లనుండి వ్రేలాడు దారములచేతనే జరుగును. నాటకమునకు పెద్దయగు సూత్రధారుని పేరునకు 'సూత్రమును ధరించువాడు' అనియే అర్థము. అయితే బొమ్మలాటగాని వ్రేళ్లు సజీవములు. దారము కొంచెము సాగినచో అతడు తన చేతిని కొంచెము పైకెత్తి సరిపెట్టుకొనును. మోటారునకు ఆ తెలివి లేదు. దానికి ఎంత లాగుమని చెప్పిరో అంతే లాగును. కావున బొమ్మలాటగాని వ్రేళ్లు చేయు సవరింపును, మరచేతిలో మరియొక ఉపకరణము చేయవలసియున్నది.

మరచేతికి దారమే ఎందుకు? మోటారును వ్రేలిలోనే పెట్టరాదా? దీనికి జవాబు మన చేతిలోనే కలదు. ఎవరైనను ఎడమచేతితో కుడి ముంజేతిని పట్టుకొని, కుడిచేతి వ్రేళ్లను ముడిచి చూచినచో, కదలు కండరములు ముంజేతిలో నున్నట్లు స్పష్టముగా తెలియును. వ్రేళ్లను బలముగా ముడుచు కండరములు వ్రేళ్లలో లేవు, మోచేతికి దిగువనున్నవి. అచ్చటినుండి స్నాయుబంధనములు త్రాళ్లవలె మణికట్టును దాటి వ్రేలి కొసలవరకు పోవును. బరువంతయు వెనుకనుండుటచే వ్రేళ్లు సన్నగా, తేలికగా ఉండగలిగినవి. 1980 ప్రాంతముల అమెరికాలో యూటా విశ్వవిద్యాలయము, మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ కలసి నిర్మించిన ప్రసిద్ధ యంత్రహస్తమున 16 కీళ్లకు కీలుకు రెండు చొప్పున 32 బంధనములుండెను. 2012లో ఫ్రెంచి శిల్పి గాయెల్ లాంజెవాన్ ప్రారంభించి, అందరికిని ఉచితముగా నొసగిన మరమనిషి నమూనాలోను చేపల గాలమునకు వాడు దారమే ముంజేతి మోటారులనుండి వ్రేళ్లకు పోవును. ఇంటిలో పిల్లలు చేయు మరచేయియు ఇంతే. గొట్టపు ముక్కలను కీళ్లతో కూర్చి, అరచేతివైపు ఒక దారము, వెనుకవైపు ఒక రబ్బరు దారము పెట్టుదురు. ముందు దారమును లాగినచో వ్రేలు ముడుచుకొనును. విడిచినచో రబ్బరు దానిని తిరిగి చాచును.

ఇది పిల్లల ఆటతో ముగియు విషయము కాదు. పందొమ్మిదవ శతాబ్దపు మధ్యకాలమున ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరమున, ఫిరంగి ప్రేలుటలో వ్రేళ్లు పోగొట్టుకొనిన కార్పొరల్ కోల్స్ అను సైనికునికి రాబర్ట్ నార్మన్ అను దంతవైద్యుడు తిమింగలపు ఎముకతో ఒక చేయి చేసి, గిలకలు, త్రాళ్లు అమర్చి ఇచ్చెను. అటుపిమ్మట సుమారు నూట అరువది యేండ్లకు, 2011లో, దక్షిణాఫ్రికాలోని జోహాన్నెస్‌బర్గ్ నగరమున రిచర్డ్ వాన్ ఆస్ అను వడ్రంగి రంపపు యంత్రము తగిలి కుడిచేతి వ్రేళ్లు పోగొట్టుకొనెను. కొనదగిన కృత్రిమ వ్రేళ్ల వెల అతనికి అందునది కాకపోయెను. అమెరికాలో వేడుకకొరకు పెద్ద మరచేయి నొకదానిని చేసిన ఐవన్ ఓవెన్ అను కళాకారుని పనితనము చూచి అతనికి వ్రాసెను. వారిరువురును సముద్రముల కావలనుండి ఉత్తరములు నడపుచు పనిచేసిరి. అడిలైడ్ దంతవైద్యుని పాత చేయి వారికి దారి చూపినది. పుట్టుకతో ఒక చేతికి వ్రేళ్లు లేని అయిదేండ్ల బాలునికొరకు వారు చేసిన చేయి 2013 ప్రారంభమున లోకమునకు తెలిసినది. ఆ నమూనాను వారు ఎవరైనను చేసికొనవచ్చునని ఉచితముగా విడిచిరి. ఆ యేడే 'ఇ-నేబుల్' అను పేర స్వచ్ఛంద సేవకుల కూటమి ఏర్పడి, నానాదేశముల పిల్లలకు అట్టి చేతులను చేసి ఇచ్చుచు వచ్చినది.

ఆ చేతిలో మోటారు లేదు. బిడ్డ మణికట్టును వంచగనే దారములు లాగబడి వ్రేళ్లు ముడుచుకొనును. మణికట్టును సరిచేయగనే రబ్బరులు వ్రేళ్లను చాచును. కావున మణికట్టు కదలిక గలవారికే అది పనికివచ్చును. పెద్ద బరువులకు అది చాలదు. బంతి పట్టుకొనుటకు, నీళ్ల సీసా ఎత్తుటకు, సైకిలు పిడి పట్టుకొనుటకు చాలును. ఆ బిడ్డకు అది సామాన్యమైన లాభము కాదు. ఇట్టి చేతిలో ప్రాణమంతయు దారపు బిగువునందే కలదు. బిగువు తప్పినచో చేయి అలంకారప్రాయమై అలమరలో చేరును.

బిగువు ఎంతమాత్రము తప్పినచో ఎంత నష్టమో లెక్కవేసి చూతము. వ్రేలి కీలు ఇరుసునుండి దారము 8 మిల్లీమీటర్ల దూరమున పోవుచున్నదనుకొందము. ఆ కీలు 90 డిగ్రీలు వంగుటకు దారము సుమారు 12.6 మిల్లీమీటర్లు లాగబడవలెను. మూడు కీళ్లును అట్లే వంగుటకు 37.7 మిల్లీమీటర్లు కావలెను. అరచుట్టు తిరుగు సర్వో మోటారునకు 12 మిల్లీమీటర్ల వ్యాసార్ధము గల చక్రము పెట్టినచో సరిగా అంతే లాగును; అదనముగా ఏమియు మిగలదు. ఇప్పుడు దారము 3 మిల్లీమీటర్లు వదులైనదనుకొందము. అది ఒక కీలునందు ఇంచుమించు 21 డిగ్రీల నష్టము. బొటనవ్రేలికి చూపుడువ్రేలు అందదు. పెన్సిలు జారిపోవును. బియ్యపుగింజ పొడవుకంటె తక్కువైన వదులు చేతిని నిరుపయోగము చేయగలదు.

ఇట్టి పనిలో ముడికి నాలుగు దోషములు కలవు.

మొదటిది బలమునకు సంబంధించినది. ముడిలో దారము తనమీద తానే బిగుసుకొని మిక్కిలి ఇరుకుగా వంగును. ఆ వంపులో కొన్ని పోగులకే భారమంతయు పడును. ముడినిబట్టి, దారమునుబట్టి బలములో సగమువరకు పోవచ్చును. దారము తెగునది తరచుగా ముడియొద్దనే యని గాలమువేయు వారందరికిని తెలియును.

రెండవది జారుడు. నూలుదారమునకు నూగు కలదు, ముడి నిలుచును. నైలాను తీగ నున్నన. గాలమునకు నేడు వాడు అల్లిక పాలిథిలీను దారము మరింత నున్నన. అందులో వేసిన ముడి మొదట కొన్ని లాగులకు లోలోన సర్దుకొని, ఒకటి రెండు మిల్లీమీటర్లు జారినగాని కుదురుకొనదు. మనకు కావలసిన కొలత అప్పటికే తప్పినది.

మూడవది కట్టుటలోని చిక్కు. దారమును బిగువుగా పట్టుటకు ఒక చేయి, ముడివేయుటకు రెండు చేతులు కావలెను. మూడవ చేయి ఎవరికిని లేదు. ముడివేయు క్షణములో బిగువు సడలును. అయిదు వ్రేళ్లకు అయిదు ముడులు వేసినచో అయిదును అయిదు విధములుగా ఉండును.

నాలుగవది అన్నింటికంటె పెద్దది. ముడి ఒకనాటి కొలతను శాశ్వతము చేయును. దారము మాత్రము ఏనాటికానాడు మారుచుండును. నైలాను తేమను పీల్చి మెత్తబడి సాగును. వానకాలమున ఆ తేడా తెలియును. పాలిథిలీను దారము అప్పటికప్పుడు సాగకున్నను, ఎడతెగని బిగువులో దినదినము కొద్దికొద్దిగా పొడవగును. గొట్టముల అంచులు అరగును. రబ్బరు అలసిపోవును. మారు వస్తువును మారని ముడితో బంధించుటయే అసలు పొరపాటు.

మరి ముడి లేక దారమెట్లు నిలుచును? దీనికి సమాధానము మన పెరటిలోను, ఏటి యొడ్డునను ఎప్పటినుండియో కలదు. చల్లచిలుకు కవ్వమునకు త్రాడు చుట్టుదురేగాని ముడివేయరు. పురాణములో దేవదానవులు మందరగిరికి వాసుకిని చుట్టిరేగాని ముడివేయలేదు. గోదావరి రేవులో పడవవాడు త్రాడును గుంజకు రెండు మూడు చుట్లు త్రిప్పి, కొసను ఒక చేతితో పట్టుకొని నిలుచును. ప్రవాహము పడవను లాగుచున్నను అతనికి శ్రమ లేదు. వదలవలసినప్పుడు కొసను సడలించును. త్రాడు మెల్లగా జారును. గట్టిగా పట్టుట, సులువుగా విడుచుట రెండును ఒక్క చుట్టులోనే కలవు.

ఈ మహిమను పదునెనిమిదవ శతాబ్దమున ఆయిలర్ అను గణితవేత్త లెక్కకు తెచ్చెను. ఒక్కొక్క చుట్టు లాగుడును కూడికగా తగ్గించదు, భాగహారముగా తగ్గించును. రాపిడి గుణకము 0.2 అయినచో ప్రతి చుట్టునకు లాగుడు సుమారు మూడున్నర వంతులు తగ్గును. మోటారు 8 కిలోల బలముతో లాగుచున్నదనుకొందము. ఒక చుట్టు త్రిప్పినచో దారపు కొసను పట్టుటకు దాదాపు 2 కిలోల 280 గ్రాముల బలము చాలును. రెండు చుట్లకు 650 గ్రాములు, మూడు చుట్లకు 185 గ్రాములు. అనగా మూడు చుట్ల తరువాత ఆ కొసను చిన్న వాషరు క్రింద నొక్కినను చాలును. దారము మిక్కిలి నున్ననిదై, రాపిడి గుణకము 0.1 మాత్రమే అయినచో, మూడు చుట్లు చేయు పనికి ఆరు చుట్లు కావలెను. గుంజ లావైనను సన్నమైనను ఈ లెక్క మారదు. అయితే గుంజ మరీ సన్నమైనచో దారము మడతపడి బలహీనమగును గనుక దారమునకు పలురెట్లు లావుగా ఉండుట మేలు.

ఈ సూత్రమును ఇంటి పనిలో అమలుపరచుటకు మార్గములు కొన్ని కలవు. ఒకదాని తరువాత ఒకటి చూతము.

అన్నింటికంటె సులభమైనది స్క్రూ, రెండు వాషర్లు. స్క్రూ మొండెమునకు దారమును మూడు నాలుగు చుట్లు త్రిప్పి, కొసను రెండు వాషర్ల నడుమ పెట్టి స్క్రూను బిగించవలెను. మొండెముమీది మరలు పదునుగా ఉన్నచో దానికి చిన్న గొట్టపు తొడుగు వేయవలెను. చుట్లు ఏ దిక్కున త్రిప్పవలెను? గడియారపు ముల్లు తిరుగు దిక్కున. స్క్రూ బిగియునదియు ఆ దిక్కుననే గనుక వాషరు దారమును లోనికి లాగికొనునేగాని బయటికి నెట్టదు. విద్యుత్ పనివారు స్విచ్చి స్క్రూ క్రింద తీగను కుడివైపునకే వంచి చుట్టుటకు కారణమిదియే. భారము చుట్లు మోయును. స్క్రూ పని కొసను కావలి కాచుట మాత్రమే.

రెండవది విద్యుత్ సామాను దుకాణములో దొరకు కనెక్టరు. తెల్లని ప్లాస్టిక్ లోపల ఇత్తడి గొట్టము, దానికి రెండు చిన్న స్క్రూలు ఉండును. దారమును గొట్టములో దూర్చి, చేతితో కావలసినంత లాగి, మరియొక చేతితో స్క్రూను బిగించవచ్చును. రెండు చేతులే చాలును. అయితే స్క్రూ మొన దారమును కోయగలదు. దారమునకు ఆ చోట మెత్తని రాగితీగను చుట్టియైనను, మొనను ఆకురాయితో చదును చేసియైనను బిగించుట మంచిది.

మూడవది చొక్కాగుండీ. నాలుగు రంధ్రముల గుండీలో దారమును ఒకదానినుండి పైకి, మరియొకదానినుండి క్రిందికి అల్లి, దాని కొసను తన దారిలోనే వెనుకకు మళ్లించినచో, బిగువు పడినప్పుడు గుండీ ప్రక్కకు వాలి దారమును కరచుకొనును. బిగువు తీసి గుండీని వ్రేళ్లతో జరిపినచో జరుగును. గుడారపు త్రాళ్లకు వాడు చిన్న కొయ్యబిళ్ల నిలుచునది ఈ ఉపాయముననే. త్రాడును ముట్టక బిళ్లను జరిపి శ్రుతి చేయుట మన వాద్యములయందును కలదు. డోలకు త్రాళ్లమీది ఉంగరములను జరిపినంతనే రెండు పేటలు దగ్గరకు చేరి చర్మము బిగియును. తబలా వార్ల క్రింది కొయ్య దిమ్మెలను సుత్తితో జరిపినను ఫలమదియే. ఎవరును వార్లు విప్పరు.

నాలుగవది బిరడ. వీణకు, వయొలినుకు బిరడ కొసవైపు సన్నగిల్లుచు పోవు కొయ్యమేకు. లోనికి అదిమి త్రిప్పినచో తన రంధ్రములో తానే బిగుసుకొని నిలుచును. గిటారు, మేండలిన్ల బిరడలలో మరియొక విశేషము కలదు. చేతిపిడి ఒక మరను త్రిప్పును, మర ఒక పండ్లచక్రమును త్రిప్పును. తంతి ఎంత లాగినను చక్రము మరను వెనుకకు త్రిప్పజాలదు. పిడి 14 సార్లు తిరిగినచో తంతి చుట్టు కొయ్య ఒక్కసారి తిరుగు బిరడలు సామాన్యముగా దొరకును. ఆ కొయ్య వ్యాసము 6 మిల్లీమీటర్లయినచో పిడి ఒక చుట్టునకు తంతి 1.35 మిల్లీమీటర్లు మాత్రమే లాగబడును. పాత గిటారునుండి విప్పిన బిరడల వరుస మరచేతి వ్రేళ్లకు చక్కగా అమరును.

అయిదవది దారమును ముట్టకయే బిగించు ఉపాయము. ఇది కొంత వింతగా తోచును. స్కూటరు క్లచ్చి తీగను తలచుకొందము. లోపల తీగ, బయట తొడుగు. తీగ వదులైనప్పుడు మెకానిక్కు చిన్న మరమేకును కొద్దిగా వెలుపలికి త్రిప్పును. ఆ మేకు లాగునది తీగను కాదు. తొడుగును ముందుకు నెట్టును. తొడుగు దారి పొడవైనచో అంతే పొడవు గల తీగ బిగువైనట్లే. ఇట్టి తొడుగుతీగకు 1896లో ఇంగ్లండులో ఎర్నెస్ట్ బౌడెన్ పేటెంటు పొందెను. మరచేతిలోను దారము పోవు గొట్టపు కొసను ఒక బోలు మరమేకుపై నిలిపినచో, 6 మిల్లీమీటర్ల సామాన్యపు మరకు ఒక చుట్టునకు ఒక మిల్లీమీటరు బిగువు వచ్చును. ఇంతకుముందు చెప్పిన 3 మిల్లీమీటర్ల వదులునకు మూడు చుట్లు చాలును. దారమును విప్పనక్కరలేదు, కోయనక్కరలేదు.

ఇన్ని ఉపాయములలో ఏది మేలు? దీనికి వీణయే సమాధానము చెప్పును. బొబ్బిలివద్ద గొల్లపల్లి శిల్పులు పనసకొయ్యతో తొలిచి చేయు వీణలోనైనను, మరియే వీణలోనైనను శ్రుతి చేయుటకు రెండు చోట్లు కలవు. ఒక కొసను బిరడ. అది పెద్ద సవరణకు. రెండవ కొసను లంగరులమీది చిన్న ఉంగరములు. అవి సూక్ష్మ సవరణకు. తంబురాకు మెట్టు దాటిన తరువాత తంతికి గ్రుచ్చిన పూసలు చేయు పనియు ఇదియే. విద్వాంసుడు బిరడతో శ్రుతి దగ్గరకు తెచ్చి, పూసతో శ్రుతిలో నిలుపును. ఒకే బిరడతో రెండు పనులును చేయబోయినచో ఎంతకును కుదరదు. మరచేతికిని ఇదే మర్యాద. దారపు ఒక కొసను చుట్లు, వాషరుతో గట్టిగా నిలుపవలెను. రెండవ కొసను మరమేకుతో సన్నగా సవరించుకొనవలెను. మొదటి దానిని ఏడాదికొకసారి ముట్టవలసి వచ్చును. రెండవ దానిని నెలకొకసారి.

పని చేయు క్రమమును గూర్చి నాలుగు మాటలు. మొదట సవరణ మరమేకును దాదాపు పూర్తిగా లోనికి త్రిప్పి ఉంచవలెను. ముందుముందు బిగించుటకు చోటు అక్కడనే మిగులును. వ్రేళ్లను పూర్తిగా చాచి, మోటారును మొదటి స్థానమున నిలిపి, దారమును వదులు లేకుండ మాత్రమే లాగి, చుట్లు త్రిప్పి కొసను నొక్కవలెను. ఈ దశలో అతిగా బిగించినచో చాచిన వ్రేళ్లు వంగిపోవును. కొసను వెంటనే కోయరాదు. జానెడు విడిచి చుట్టిపెట్టవలెను. వాషరునుండి దారము వెలువడు చోట సిరాతో చుక్క పెట్టవలెను. తరువాత చేతిని పాతిక ముప్పది సార్లు ముడిచి చాచి చూచినచో, చుక్క కదలినదో లేదో తెలియును. చుక్క కదలినచో బిగింపు జారుచున్నది. మరియొక చుట్టు వేయవలెను. చుక్క కదలకయే వ్రేలు వదులైనచో దారము సాగినది; సవరణ మరను త్రిప్పవలెను. దోషమెచ్చటనున్నదో తెలిసికొనక బిగించుట వైద్యము కాదు. దారము వంగు ప్రతి అంచును గరుకుకాగితముతో గుండ్రము చేయవలెను. సన్నని గాలపు దారము బిగువులో వ్రేలిని కోయగలదు, తెగినచో కంటికి తగులగలదు. పిల్లలు కళ్లద్దములు పెట్టుకొని, పెద్దల ఎదుట ఈ పని చేయుట శ్రేయస్కరము.

ముడికి అసలు స్థానమే లేదా యని అడుగవచ్చును. కలదు. వ్రేలి కొసవంటి, ఎన్నడును సవరింపనక్కరలేని చోట, దారమును రెండు మూడు రంధ్రములగుండ అల్లి, రాపిడిచే భారము తగ్గించిన తరువాత, కొస వెనుకకు రాకుండ ఒక ముడి వేయుట తప్పు కాదు. అచ్చట ముడి భారము మోయదు. కాపలా మాత్రము కాచును. భారము మోయుచు నిత్యము సవరింపవలసిన చోటనే ముడి తగదు.

ఇప్పుడు వ్రేళ్లు లేని బిడ్డకు దారపు చేయి చేసి ఇచ్చిన విషయమునకు మరల వత్తము. చేయి చేసినవాడు ఒక ఊర నుండును. బిడ్డ మరియొక ఊర నుండును. నెల తిరుగునప్పటికి దారము సాగును. దారములు ముడులతో కట్టబడియున్నచో, విప్పి కట్టు నేర్పు కట్టినవానికే కలదు. ఆ చేతిని పొట్లముకట్టి పంపవలెను, మరల వచ్చువరకు వేచియుండవలెను. ఆ దినములలో బిడ్డ ఒంటిచేతి అలవాటునకు తిరిగిపోవును. చేయి వచ్చిన తరువాత మరల తొడుగుకొనుటకు ఇష్టపడకపోవచ్చును. దారములు మరమేకులతో బిగింపబడియున్నచో, ఆ తల్లి వంటింటి సొరుగులోని స్క్రూడ్రైవరు తీసి రెండు చుట్లు త్రిప్పును. "ఇప్పుడు పట్టుకో అమ్మా, చూద్దాం" అనును. బిడ్డ బంతి పట్టుకొనును. కొన్నాళ్లకు ఆ బిడ్డయే రెండవ చేతితో స్క్రూ త్రిప్పుకొనును. ఎవరి ఎదుటను నిలువనక్కరలేదు, ఎవరిని బ్రతిమాలనక్కరలేదు.

ముడికిని మరకును గల నిజమైన తేడా యిదియే. ముడి కట్టినవాని చేతిలో నుండును. మర వాడువాని చేతిలో నుండును. వస్తువును చేసి ఇచ్చుట ఒక ఉపకారము. దానిని సరిచేసికొను శక్తినికూడ వస్తువుతోపాటు ఇచ్చుట సంపూర్ణమైన ఉపకారము. ఇంటిలో అట్టముక్కలతో మరచేయి చేయుచున్న బాలుడు నేడు దీనిని గ్రహించినచో, రేపు అతడు చేయు ఏ యంత్రమునందైనను వాడువాని చేతికి అందు ఒక మరమేకు తప్పక ఉండును.

ఈ సెలవులలో ఏ యింటనైనను మరచేయి తయారగుచున్నచో, తలిదండ్రులు కత్తెర తీయుటకు ముందు ఒక స్క్రూ, రెండు వాషర్లు, ఒక గుండీ పిల్లల ఎదుట పెట్టుదురుగాక.